చక్కెర లేని కల్లు

1963 ఫిబ్రవరి 11, సోమవారం

ఈయనకు కొత్త తెలివి పుట్టింది. ఈ కొంపలో ఇక మనశ్శాంతి లేదు.

ఎదుట మీరు అంటాను. ఇది ఎవరూ చదవరు గనుక ఇక్కడ అన్నాడు, తిన్నాడు అనే రాస్తాను. ఆ మాత్రం సుఖం నాకూ కావాలి.

పోయిన ఏడాది నుంచి ఈయనకు షుగర్. నెల్లూరు డాక్టరుగారు రోజూ పొద్దున ఇన్సులిన్ వెయ్యమన్నారు. సిరంజి ఉడకబెట్టేది నేను. మందు సీసా ఎండకు చెడకుండా తడి ఇసుక కుండలో దాచేది నేను. సూది పొడిచేది నేను. ఆ తర్వాత మైపాడు బడికి పరుగెత్తి పిల్లల చేత ఎక్కాలు చెప్పించేదీ నేనే. ఈయన చేసే పనల్లా తొడ చూపించి మూలగడం.

ఇంట్లో చక్కెర లేదు, బెల్లం లేదు. ఉంచితే దొంగతనంగా తింటాడని నేనే డబ్బాలు కడిగి బోర్లించాను. ఏడాదిగా నేనూ చప్పటి కాఫీయే తాగుతున్నాను. ఆ సంగతి ఈయన గమనించాడో లేదో.

ఇక ఈయన ఉద్యోగం. తాటిబెల్లం సొసైటీలో సూపర్‌వైజర్. ప్రొహిబిషన్ వచ్చాక కల్లు గీసేవాళ్లను నీరాకూ బెల్లానికీ తిప్పారు కదా. మట్టి లొట్టి లోపల సున్నం పూసి తాటిచెట్టుకు కడితే తియ్యటి నీరా దిగుతుంది. సున్నం పూయకపోతే అదే పులిసి కల్లవుతుంది. నీరాకు లైసెన్సు, కల్లుకు జైలు. పొద్దున్నే తోపులోకి పోయి లొట్టి లొట్టిలో వేలు పెట్టి సున్నం ఉందా లేదా చూడటం ఈయన డ్యూటీ.

అట్లాంటి మనిషి ఈ రోజు అన్నం కలుపుకుంటూ నాకు లెక్చర్ ఇచ్చాడు. నీరా అంతా చక్కెరట. పులిస్తే ఆ చక్కెర కాస్తా ఖర్చయిపోతుందట. కాబట్టి షుగర్ ఉన్నవాడికి నీరా విషం, పులిసిన కల్లు పథ్యం.

ఎవరు చెప్పారన్నాను. కామాక్షయ్యట. అనుకున్నాను.

ఫిబ్రవరి 12

కామాక్షయ్య గురించి రాసి పారెయ్యాలి, లేకపోతే నిద్ర పట్టదు. మిలిటరీలో కాంపౌండరుగా చేసి వచ్చాడు. బస్సు ఆగేచోట ఒక గది తీసుకుని బెంచీ వేశాడు. ఊళ్లో అందరికీ ఆయనే డాక్టరు. జ్వరానికీ కడుపునొప్పికీ ఒకే గులాబిరంగు మిక్స్చర్ పోస్తాడు. మనిషి మంచివాడని అందరూ అంటారు. చెడ్డవాడైతే బాగుండేది, ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

మిలిటరీలో షుగర్ ఉన్న ఆఫీసర్లు తీపి లేని సరుకు మాత్రమే తాగేవాళ్లనీ, అందరూ గుర్రాల్లా ఉన్నారనీ ఈయనకు నూరిపోశాడు. తాగనివ్వని కాలంలో తాగడానికి ఒక ప్రిస్క్రిప్షన్ దొరికింది. మొగవాళ్లకు ఇంకేం కావాలి?

ఫిబ్రవరి 20, బుధవారం

ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు.

ఈయన షుగర్ ఎట్లా ఉందో ఇంట్లోనే చూసుకోవడానికి డాక్టరుగారు ఒక టెస్ట్ నేర్పారు. టెస్ట్ ట్యూబులో నీలంరంగు బెనెడిక్ట్ సొల్యూషన్ పోసి, మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర నిల్. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం. ఇటుకరంగు వస్తే ఆ రోజంతా ఇంట్లో యుద్ధం.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఈయనా కామాక్షయ్యా నా వంటింట్లో ఆ దీపం ముందు గొంతుకూర్చుని ఉన్నారు. ట్యూబులో కల్లు చుక్కలు. దావీదు అనే గీతగాడి చేత సున్నం పూయని లొట్టి ఒకటి కట్టించి, రెండు రోజులు బాగా పులియబెట్టి తెప్పించారట. సున్నం ఉందా అని చూడవలసిన సూపర్‌వైజరే చేసిన పని ఇది.

మరిగింది. నీలం మారలేదు. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు. నిల్, నిల్ అని ఈయన చిన్నపిల్లాడిలా ఎగిరాడు. కామాక్షయ్య నా వైపు తిరిగి, చూసుకో చెల్లెమ్మా, మేం చెప్తే నమ్మవు గదా, సైన్సే చెప్తా ఉంది, ఇంక నువ్వేంది చెప్పేది అన్నాడు. ఆ ఊపులో ట్యూబు పక్కన పెట్టి, అందులోనే కాస్త కల్లు పోసి రుచి కూడా చూశారు.

పొద్దున ఆ ట్యూబులో నేనేం పోశానో గుర్తు చేశాను. అప్పుడు చూడాలి ఇద్దరి మొహాలూ.

ఫిబ్రవరి 21, గురువారం

పక్కింటి బడేబీ గురువారం గురువారం ఫాతిహా చదివించి చక్కెర పంచుతుంది. అందులో ఈయన వాటా ప్రత్యేకం. పుట్టిన పిల్లలు నిలవక మా అత్తగారు దర్గాకు మొక్కుకుంటే ఈయన పుట్టాడు. అందుకే హజరత్తయ్య అని పేరు పెట్టారు. ఆ పేరున్నవాడికి చక్కెర పెట్టకపోతే నాకు పాపం గదా అని బడేబీ వాదన. రంజాన్ ఉపవాసంలో తన నోరు ఎండిపోతూ కూడా తెచ్చింది. ఈయనకు చక్కెర విషమని ఎన్నిసార్లు చెప్పాలి? సదివించిన చక్కెర ఏమీ చెయ్యదులే టీచరమ్మా అంటుంది.

ఆమె గడప దాటగానే చీమలకు పోశాను. ఒకరు కల్లు పోసి చంపుతారు, ఒకరు చక్కెర పెట్టి చంపుతారు. నా మొగుణ్ణి చంపడానికి ఊరంతా వరసలో నిలబడింది.

మార్చి 3, ఆదివారం

గెలిచాను.

ట్రెయినింగ్ స్కూల్లో సైన్సు మేష్టారు చెప్పిన మాట ఒకటి లీలగా గుర్తొచ్చింది. షుగర్ రోగికి మూత్రంలో పోయే చక్కెర వేరు, కొట్లో కొనే చక్కెర వేరు, నీలం మందుకు దొరికేది మొదటిదే. సరే చూద్దామని బడేబీ ఇంటికి పోయి చెంచాడు చక్కెర అడిగాను. ఆమె నన్ను దెయ్యం పట్టినదాన్ని చూసినట్టు చూసింది.

ఈయన ముందే నీళ్లలో కలిపి, నాలుక మీద ఒక చుక్క వేశాను. తీపి అన్నాడు, ఆశగా ఇంకో చుక్క అడిగాడు. ఇవ్వలేదు. ట్యూబు శుభ్రంగా కడిగి, అవే నీళ్లు నీలం మందులో వేసి మరిగించాను. నీలం! ఎంత మరిగించినా మారలేదు. తర్వాత సున్నం లొట్టిలో దిగిన నీరా వేశాను. తేనెలాంటి నీరా. అదీ దాదాపు నీలమే.

మీ సైన్సు ప్రకారం చక్కెరలో చక్కెర లేదండీ అన్నాను. ఇక ఆ కల్లుకు ఇచ్చిన సర్టిఫికెట్ పొయ్యిలో పెట్టుకోమన్నాను.

ట్యూబు ఎత్తి దీపం వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. ఈ మనిషి తెలివితక్కువవాడు కాదు. నాకు కొంచెం ఆశ కలిగింది.

మార్చి 4

కల్లు పుల్లగా ఉంది గదా మేయ్, చక్కెర ఉంటే పులుపెట్లా వస్తాది అన్నాడు. ఆశ అయిపోయింది.

మార్చి 11, సోమవారం

ఈ రోజు బడిలో నీరా ప్రచార సభ. సొసైటీ తరఫున ఉపన్యాసం ఎవరిది? మా వారిదే. నీరా బలం, నీరా ఆరోగ్యం, కల్లు ముట్టినవాడి సంసారం నాశనం అని గొంతు చించుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు కళ్లు తుడుచుకున్నాడు. నేను మూడో తరగతి వరస పక్కన నిలబడ్డాను. ఉపన్యాసం అయ్యాక ఈయన నా పక్క నుంచే దిగిపోయాడు. గుప్పుమని పులిసిన వాసన.

పిల్లలకు తలా ఒక గ్లాసు నీరా పోశారు. ఈయన మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, నాకు షుగరుంది, నీరా పడదు అన్నాడు. ఎంత నిగ్రహమని హెడ్మాస్టరు నాతో అన్నాడు. అవునండీ అన్నాను. ఇంకేమనాలి?

మార్చి 19, మంగళవారం

కొత్త రూల్. అన్నం కూడా కడుపులోకి పోయాక చక్కెరే అవుతుందట. అది నిజమే, డాక్టరుగారూ చెప్పారు, అందుకే కొలత పెట్టి తినమన్నారు. కామాక్షయ్య దాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. మధ్యాహ్నం అన్నం పూర్తిగా మానేసి దాని బదులు పులిసిన కల్లు. దీనికి డైట్ అని పేరు. దావీదు పాక వెనక కూర్చుని ఇద్దరూ డైట్ చేస్తున్నారు.

చిక్కాడు. చొక్కాలు వదులయ్యాయి. ఏంది హజరత్తన్నా, పెళ్లికొడుకయిపోయినావే అని బజార్లో అందరూ అంటున్నారట. వచ్చి నాకు చెప్తాడు. పొద్దున టెస్టులో నీలం వస్తోంది. రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ నిజం రాయాలి, నీలమే వస్తోంది. ట్యూబును కిటికీ వెలుతురుకు ఎత్తి నాకు చూపించి, మాట్లాడకుండా నవ్వుతాడు. తిట్టినా ఇంత కోపం రాదు.

ఒకవేళ ఈయన చెప్పేదే నిజమేమో అని బడిలో ఉండగా అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే మండింది. ఆ మంటంతా మూడో తరగతి మీద పడింది.

మార్చి 28, గురువారం

మళ్లీ చక్కెర. మళ్లీ చీమలు.

ఏప్రిల్ 5, శుక్రవారం

సాయంత్రం వచ్చినప్పుడు ఈయన చేతులు వణుకుతున్నాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. కంచం ముందు పెట్టగానే గబగబా తిన్నాడు. తిన్నాక వణుకు పోయింది. తాగుబోతు వణుకు ఇట్లాగే ఉంటుంది కాబోలు. సిగ్గు లేదా అన్నాను. లేదన్నాడు.

ఏప్రిల్ 11, గురువారం, మధ్యాహ్నం

ఒంటిపూట బడి. ఇంటికొచ్చి అన్నం వండి కూర్చున్నాను. ఈయన రాలేదు. పోనీ.

అదే రోజు, దీపాలు పెట్టాక

వేలికి గుడ్డ కట్టుకున్నాను. అయినా రాస్తాను.

నాలుగింటప్పుడు రేవు నుంచి ఒక జాలరి వచ్చాడు. మీ ఆయన పడవల కాడ పడిపోయినాడమ్మా, ప్రొహిబిషన్ జీపు తిరగతా ఉంది, అందుకని పడవ నీడకు లాగి మీద వలలు కప్పినాం, నువ్వేం గోల చెయ్యబాక, మత్తు దిగినాక ఆయనే లేచి వస్తాడులే అన్నాడు. ఈ రేవులో అది మర్యాద. తాగి పడ్డవాణ్ణి జీపు కంటపడనివ్వరు. చేపల వాసనలో కల్లు వాసన కలిసిపోతుంది. ఎన్ని కాపురాలు నిలబడ్డాయో ఆ వలల కింద.

పడి ఉండనీ అన్నాను.

గోడ అవతల నుంచి బడేబీ విన్నది. తలుపు తోసుకుని వచ్చి నా రెక్క పట్టుకుంది. తిట్టేది యాడైనా తిట్టొచ్చు, రా టీచరమ్మా, తిట్టుకుంటానే పోదాం అని లాక్కుపోయింది. నిజంగానే దారి పొడుగునా తిట్టాను. ఇసుకలో కాళ్లు కాలుతుంటే ఇంకా ఎక్కువ తిట్టాను.

వలలు తీశారు. కల్లు కంపు. తన్నాలన్నంత కోపంతో భుజం పట్టి లాగాను. చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. ఒళ్లు చల్లగా ఉంది, ఆ ఎండలో. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. పళ్లు బిగుసుకుపోయాయి. తాగి పడ్డవాళ్లను చాలామందిని చూశాను. ఎవరూ ఇట్లా తడవలేదు.

అప్పుడు తట్టింది. ఇన్సులిన్ మొదలుపెట్టిన రోజే డాక్టరుగారు చెప్పారు, సూది పడ్డాక తిండి మానకూడదు, వణుకొచ్చి చెమటలు పడితే వెంటనే చక్కెర పెట్టమని. ఆ మాట విన్నాను, తల ఊపాను, ఇంటికొచ్చి చక్కెర డబ్బా కడిగాను. పొద్దున సూది వేసింది నేనే. అన్నం తినలేదు ఈయన. డైట్!

చక్కెర, చక్కెర అని అరిచాను. నాకు పిచ్చెక్కిందనుకున్నారు. షుగర్ రోగికి చక్కెరేందమ్మా అన్నారెవరో. ఆ ఇసుకలో చక్కెర ఎక్కడిది? ఇంటికి పరుగెత్తితే మాత్రం ఏముంది? బోర్లించిన డబ్బాలు.

బడేబీ కొంగు ముడి విప్పింది. ఫాతిహా చక్కెర. ఈయన వాటా. నేను చీమలకు పోస్తున్నానని ఆమెకు ఎప్పుడో తెలుసట. అందుకే ఈసారి ఈయన చేతిలోనే పెట్టాలని పొద్దుటి నుంచి కొంగున కట్టుకుని తిరుగుతోందట.

వేలికి చక్కెర అద్దుకుని పెదవి పక్క నుంచి దూర్చి, చెంప లోపల రుద్దాను. తడిపి మళ్లీ రుద్దాను. మళ్లీ. వేలు కొరికాడు. నెత్తురొచ్చింది. కొరికాడంటే ఉన్నాడని సంతోషించాను. ఎంతసేపటికో గుటక వేశాడు. ఇంకాసేపటికి నన్ను గుర్తుపట్టి, ఏంది మేయ్, బడికి పోలేదా అన్నాడు.

తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఏడ్చాను. ఛీ.

ఏప్రిల్ 13, శనివారం

నెల్లూరు పోయి వచ్చాం. కల్లు ఎక్కడిదని డాక్టరుగారు అడగలేదు. అందుకు ఆయనకు దండం పెట్టాలి.

పులిసిన కల్లులో చక్కెర నిజంగానే తక్కువ ఉంటే ఉండొచ్చు అన్నారు. ఈయన నా వైపు చూశాడు. ఆ చూపుకు అక్కడే రెండు తగిలించాలనిపించింది. డాక్టరుగారు ఆగలేదు. పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు లివర్ దాచుకున్న చక్కెరను కొంచెం కొంచెంగా వదిలి మనిషిని నిలబెడుతుందట. మద్యం పడితే లివర్ ఆ పని సరిగ్గా చెయ్యదట. అన్నం లేదు, లివర్ సాయం లేదు, పైన సూది మాత్రం తన పని తాను చేస్తూ ఉంటుంది. నీలం వస్తోందని సంబరపడ్డారు గదా, మీరు పడి ఉన్నప్పుడు టెస్ట్ చేసినా నీలమే వచ్చేది అన్నారు.

తిరుగు బస్సులో ఈయన కిటికీ పక్క సీటు నాకిచ్చాడు.

ఏప్రిల్ 20, శనివారం

కామాక్షయ్య పరామర్శకు వచ్చి తీర్పు చెప్పాడు. తప్పు కల్లుది కాదట. పడగొట్టింది సూదేనట. కల్లు మనిషిని మొద్దుబరుస్తుందే కానీ చంపదట. కాబట్టి సూది సగం చేసి డైట్ మాత్రం వదలకుండా సాగిస్తే మంచిదట.

ఈయన తల ఊపాడు. తల ఊపాడు! నా వేలి మీద ఈయన పళ్ల గాటు ఇంకా మానలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

ఈ రోజు నేను కల్లు తాగాను.

బయట పరువు పోయింది గనుక మధ్యాహ్నం ఇద్దరూ లొట్టిని మా వంటింట్లోకే తెచ్చుకున్నారు. నేనేమీ అనలేదు. గ్లాసులు మూడు కడిగి పెట్టాను. మూడోది ఎవరికన్నాడు ఈయన. నాకన్నాను. ఆరోగ్యానికి ఇంత మంచిదైతే నాకూ పోయండి, రేపటి నుంచి నేనూ అన్నం మానేసి ఇది తాగి బడికి పోతాను అన్నాను. కామాక్షయ్య భార్య మస్తానమ్మకూ షుగరే. మా వదినకు కూడా తీసుకుపో అన్నా అని ఆయన చేతికి చెంబు ఇచ్చాను.

ఆడవాళ్ల శరీరతత్వం వేరు చెల్లెమ్మా అన్నాడు. చక్కెర ఒకటే గదా అన్నాను. ఇన్ని రోజుల నుంచి ఇంత గొప్ప మందు దగ్గర పెట్టుకుని కట్టుకున్నదానికి ఒక్క చుక్క ఎందుకు పోయలేదు, చెప్పు అన్నాను. చెంబు కింద పెట్టాడు. దానివైపు చూడలేదు.

ఈయన పోయలేదు. నేనే పోసుకున్నాను. ముక్కు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాను. కుళ్లిన పులుపు, గొంతు మంట. రెండో గ్లాసు ఎత్తేలోపల ఈయన లొట్టిని కాలితో తన్నాడు. వంటిల్లంతా కల్లు. నా పెళ్లానికి తాపిస్తావంట్రా అని కామాక్షయ్య మీదికి పోయాడు. పాపం, ఆయన నాకు ఏమీ తాపించలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు కామాక్షయ్య.

అప్పుడు అడిగాను ఈయన్ని, నాకు విషమైంది మీకు పథ్యమెట్లా అయిందని. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తాగింది నాలో నిలవలేదు. పెరట్లో నేను కక్కుతుంటే తల పట్టుకున్నది ఈయనే. మజ్జిగ కలిపి తెచ్చిందీ ఈయనే. ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు.

ఏప్రిల్ 22

తలనొప్పి. మూడో తరగతి ఈ రోజు ప్రశాంతంగా ఉంది.

మే 14, మంగళవారం

ఇన్ని రోజులు రాయలేదు. రాయడానికి సరిపడా కోపం లేదు.

తాగడం లేదు. మధ్యాహ్నం కొలత ప్రకారం అన్నం తింటున్నాడు. టెస్టులో ఒకరోజు నీలం, ఒకరోజు ఆకుపచ్చ. ఆకుపచ్చ వచ్చిన రోజు నా మొహం చూడకుండా ట్యూబు కడుగుతాడు. కామాక్షయ్య బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాడు.

చిన్న డబ్బా ఒకటి తీసి చక్కెర పోసి, అటక మీద ఈయనకు అందని చోట పెట్టాను. బడేబీకి చూపించాను. మాట్లాడకుండా నవ్వింది. ఆ నవ్వుకు మాత్రం కోపం రాలేదు.

జూన్ 6, గురువారం, సాయంత్రం

పొద్దున సూది వేశాను. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సొసైటీలో లేడు. దావీదు పాకలో లేడు. కామాక్షయ్య గదికి తాళం.

అటక మీది చక్కెర కొంగున ముడి వేసుకున్నాను. బడేబీ తన ముడి కూడా విప్పి ఇచ్చింది. రేవుకు పోతున్నాను. ప్రతి వలా ఎత్తి చూస్తాను.

దొరికితే ముందు చక్కెర పెడతాను. తర్వాత తిడతాను.